సరుకు దిగాక షికారు ఎక్కింది

బెంగళూరులో పడవ షికారంటే హలసూరు చెరువే. వృషభావతి నది బసవనగుడి దగ్గరే పుట్టినా, ఇప్పుడు ఆ నీటి పక్కన నిలబడాలంటే ముక్కు మూసుకోవాలి. అందుకే ఇక్కడి తెలుగువాళ్లు నాలుగు రోజులు సెలవు దొరికితే శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో రాజమండ్రి చేరి పాపికొండల బోటెక్కుతారు. పొద్దున ఎక్కి సాయంత్రం దిగే ఆ ప్రయాణం తరతరాల వేడుకలా కనిపిస్తుంది. నిజానికి గోదావరి మీద ఊరికే తిరగడానికి పడవెక్కడం మొన్నమొన్నటి ముచ్చట. అంతకుముందు ఆ నది మీద పనిలేని మనిషి అరుదు.

1847లో మొదలై 1852కి పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టను మనం పంటనీటి లెక్కలోనే చూస్తాం. దాన్ని కట్టించిన కాటన్ దొర దృష్టిలో కాలవలు రహదార్లు కూడా. రైళ్లకన్నా పడవ కాలవలే చవకని ఆయన చివరిదాకా వాదించాడు. కాలవలోంచి నదిలోకి ఎక్కాల్సిన రాదారి పడవ ముందు లాకులో దూరేది. వెనక తలుపులు మూసి, ముందు తలుపుల షట్టర్లు ఎత్తితే పైనీరు లోపలికి దూకేది. పడవ, ధాన్యం బస్తాలు, వాటిమీద కూర్చున్న జనం అంతా కలిసి మెల్లగా పైకి లేచేవారు. రెండు పక్కలా నీటిమట్టం సమానమయ్యాకే దారి ఇచ్చేవారు. గాలి ఉంటే తెరచాప. లేకపోతే గట్టు మీద తాడు భుజానేసుకుని లాగే మనుషులు. కాకినాడలో బయల్దేరిన సరుకు ఏలూరు, బెజవాడల మీదుగా బకింగ్‌హాం కాలవ పట్టుకుని మద్రాసు చేరేది.

కాటన్ ఆశ డెల్టాతో ఆగలేదు. గోదావరి మీదుగా వార్ధా దాకా స్టీమర్లు నడపాలనుకున్నాడు. 1861-65 మధ్య అమెరికా అంతర్యుద్ధంతో లాంకషైర్ మిల్లులకు పత్తి కరువొచ్చినప్పుడు బేరారు పత్తి కోసం ఆ ఆలోచనకు ఊపొచ్చింది. దుమ్ముగూడెం దగ్గర రాళ్ల అడ్డు దాటడానికి ఆనకట్ట, లాకు కట్టారు. 1871లో పని ఆపేశారు. వానాకాలంలో వరద, వేసవిలో ఇసుకమేటలు. అలాంటి నదిని ఏడాది పొడవునా నడిచే దారి అనుకోవడమే అత్యాశ అని నాకనిపిస్తుంది.

1900లో గోదావరి దాటే హేవ్‌లాక్ వంతెన మీద రైలు నడిచింది. కాలవ పడవల దశ తిరగబడింది. 1974లో రోడ్డు-రైలు వంతెన వచ్చాక కొవ్వూరు రేవు పడవలకూ గిరాకీ పోయింది. రోడ్డు దూరని పాపికొండల ఇరుకులో మాత్రం లాంచీయే బస్సు. సంతకెళ్లే కొండరెడ్లు, భద్రాచలం రాములవారి భక్తులు, కోళ్లగంపలు, కిరాణా మూటలు అన్నీ దాంట్లోనే. పక్కన కాగితం మిల్లుకి పోయే వెదురు తెప్పలు.

ఆ లాంచీని పట్నంవాళ్లకు విహారంగా చూపించింది 1973లో వచ్చిన బాపు-రమణల ‘అందాల రాముడు’ అని నా అభిప్రాయం. సినిమా చాలావరకు రాజమండ్రి నుంచి భద్రాచలం పోయే లాంచీ మీదే నడుస్తుంది. 2006లో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ ఆ మోజును కొత్త తరానికి అంటించింది. ఈలోగా ఊళ్లకు రోడ్లు పడ్డాయి, సంత జనం ఆటోలెక్కారు. ఖాళీ అయిన డెక్కు మీదికి ప్లాస్టిక్ కుర్చీలు, మైకు, భోజనాలు వచ్చాయి. పేరంటపల్లిలో శివాలయం చూసి, వెదురు బొమ్మలు బేరమాడి తిరిగి రావడం అలవాటైన కార్యక్రమం. కొండలు రెండు పక్కలా దగ్గరికొచ్చే చోటైనా ఆ మైకు కట్టేస్తే బాగుండును.

షికారుకు తొందర ఉండదు. నడిపేవాళ్లకు ఉంది. 2019 సెప్టెంబరు 15న, వరదలోనే బయల్దేరిన రాయల్ వశిష్ఠ అనే షికారు బోటు కచ్చులూరు దగ్గర సుడుల్లో మునిగింది. యాభై మంది దాకా పోయారు. లోతులో చిక్కిన బోటును ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న గాని బయటకు లాగలేకపోయింది. ఆ రోజు బోటును రేవు దాటనివ్వడమే తప్పు.

ఇప్పుడు నదే మారుతోంది. పోలవరం జలాశయం 45.72 మీటర్ల పూర్తి మట్టానికి నిండితే ఈ ఇరుకు ప్రవాహం నిలవనీరవుతుంది, ఒడ్డున ఉన్న పల్లెలెన్నో మునుగుతాయి. చూడాలనుకునేవాళ్లు ఆలోపే వెళ్లండి. కార్తీకం నుంచి మాఘం దాకా మంచి కాలం. వరద రోజుల్లో ఎవరు రమ్మన్నా ఎక్కకండి; ఎక్కినప్పుడు టిఫిను కన్నా ముందు లైఫ్ జాకెట్ అడగండి.