కొలిమి దగ్గరి చదువు



పత్తికి మందు కొట్టవలసిన రోజున స్ప్రేయరు మొరాయించిందనుకోండి. కొన్న దుకాణానికి తీసుకుపోతే, "ఈ భాగం ఇప్పుడు రావటం లేదు, కొత్తది తీసుకోండి" అంటారు. తిరిగివచ్చే దారిలో ఎవరో ఒకరు ఆపి, "ఫలానా వీధిలో ఒక పెద్దాయన వున్నాడు, ఆయనకొకసారి చూపించరాదూ?" అని సలహా చెబుతారు. ఆ పెద్దాయన ఏ జిన్నింగు మిల్లులోనో ఫిట్టరుగా చేసి విరమించుకున్నవాడు. ఇంటి వెనుక రేకుల పాకలో ఒక బల్ల, బల్లకు బిగించిన వైసు, పది ఆకురాళ్ళు, ఓ మూల పాత లేతు మిషను. డబ్బు కోసం చేసే పని కాదది. చేతులు ఊరుకోక చేసే పని. మీ స్ప్రేయరు విప్పి, అరిగిపోయిన బుష్షు తీసి చూసి, తన దగ్గరున్న ఇత్తడి కడ్డీలో నుంచి అలాంటిదే ఒకటి చేసి పెడతాడు. సాయంత్రానికి మీరు మళ్ళీ చేలో వుంటారు.

సత్తెనపల్లి చుట్టుపక్కల ఇటువంటి పెద్దలను మీరూ ఎరుగుదురు. కమ్మరి కొలిమి దగ్గర, వడ్రంగి సాలలో, ఆయిలు ఇంజన్లు బాగుచేసే షెడ్డులో వారు కనిపిస్తారు. వయసు మీరింది. పిల్లలు చదువుకొని పట్నాలకు పోయారు. పక్కన నిలబడి పానా అందించే కుర్రవాడు లేడు. ఆయన కాలం చేసిననాడు లేతు మిషను పాత ఇనుము కొట్టుకు పోతుంది. మరి ఆయన చేతిలో వున్న విద్య ఎక్కడికి పోతుంది?

ఇది ఈనాడు కొత్తగా పుట్టిన ప్రశ్న కాదు. మన చరిత్రలో ఒకచోట విద్య నిలిచింది, ఇంకొకచోట అంతరించింది. ఆ రెండు కథలూ తెలుసుకుంటే మనం చేయవలసినదేమిటో తెలుస్తుంది.

ముందు నిలిచిన విద్య సంగతి చెప్పుకుందాం. అది మన గొర్రు. జడ్డిగంలో గింజలు పోస్తూ వుంటే అవి వెదురు గొట్టాల గుండా జారి, గొర్రు పళ్ళు చీల్చిన చాళ్ళలో ఒకే లోతున పడుతూ పోవటం మీ తాతముత్తాతల నాటి నుంచీ వున్నదే. ఐరోపాలో ఇట్లా వరసగా విత్తే యంత్రానికి ఇంగ్లండువాడైన జెత్రో టల్ పేరు చెబుతారు. ఆయన దాన్ని 1701 ప్రాంతంలో తయారుచేశాడు. ఆ శతాబ్దం చివర కెప్టెన్ థామస్ హాల్‌కాట్ అనే ఇంగ్లీషు అధికారి దక్షిణదేశంలో గుర్రంమీద పోతూ, ఒక పొలంలో గొర్రుతో విత్తటం చూశాడు. వరస విత్తనం ఐరోపావారు కనిపెట్టిన కొత్త పద్ధతి అని అంతవరకూ ఆయన నమ్మకం. దిగి విచారిస్తే, ఇది ఇక్కడ అనాదిగా వాడుకలో వున్న పనిముట్టని తెలిసింది. ఆ సంగతి ఆయన ఇంగ్లండుకు వ్రాసి పంపగా 1797లో అచ్చయింది. ధరంపాల్ గారు 18వ శతాబ్దపు భారతదేశ విజ్ఞానంపై 1971లో ప్రచురించిన గ్రంథంలో దాన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చారు.

గొర్రు అంతకాలం ఎలా నిలిచింది? పుస్తకం చూసి కాదు గదా! చేసేవాడూ వాడేవాడూ ఒకే ఊళ్ళో వుండటం వల్ల నిలిచింది. ఏరువాకకు ముందే రైతు వడ్రంగి సాలకు పోయి కూర్చునేవాడు. పళ్ళ మధ్య ఎడం ఎన్ని జానలు వుండాలి, తర్వాత గుంటక ఆ సాళ్ళలో తిరుగుతుందా, నేల ఎంత జిగురుగా వున్నది అన్న విషయాలు ఇద్దరూ కలిసి తేల్చుకునేవారు. వడ్రంగి కొడుకు ఆ మాటలు వింటూ పెరిగేవాడు. కొలతలో పొరపాటు వుంటే పదిరోజులు తిరక్కుండానే మొలకే చెప్పేది. విద్య ఒక ఇంట్లో కాక వేల ఊళ్ళలో వుండేది. ఒకచోట తెగినా ఇంకొకచోట సాగింది.

ఇక పోయిన విద్య సంగతి. తెలంగాణలో నిజామాబాదు ప్రాంతాన కోనసముద్రమనే ఊరు వున్నది. అక్కడి కమ్మరులు ఇనుమును మట్టి మూసల్లో పెట్టి, మూతి మట్టితో మెత్తి, బొగ్గు కొలిమిలో గంటల తరబడి కాచి, నెమ్మదిగా చల్లార్చి ఉక్కు చేసేవారు. ఐరోపావారు ఈ రకపు ఉక్కును 'వుట్జ్' అన్నారు. పేరుపొందిన కత్తులకు ఇది ముడిసరుకు. 1820లో హెన్రీ వాయిసీ అనే వైద్యుడు కోనసముద్రం వెళ్ళి కొలుములు చూసి వివరంగా వ్రాశాడు. ఆయన వెళ్ళినప్పుడు పర్షియాలోని ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడొకడు అక్కడ మకాం వేసి ఉక్కు కొంటున్నాడు. దాదాపు అదే కాలంలో లండనులో మైకేల్ ఫారడే, స్టోడార్ట్ అనే కత్తుల పనివానితో కలిసి ఈ ఉక్కు రహస్యం తెలుసుకోవాలని ప్రయోగాలు చేశాడు. విద్యుత్ శాస్త్రంలో మహానుభావుడని మనం చెప్పుకునే ఆ ఫారడే ఒక కమ్మరి కొడుకే!

అటువంటి విద్య 19వ శతాబ్దం గడిచేసరికి అంతరించింది. సీమనుంచి చౌక ఉక్కు దిగుమతి అయింది. అడవులమీద ఆంక్షలు వచ్చి బొగ్గు కరువయింది. ఆ దెబ్బకు ఎవరైనా ఏం చేయగలరు? కానీ ఒక మాట ఆలోచించండి. బేరం పోయినా విద్య మిగలవచ్చును. అది కొన్ని కుటుంబాల చేతుల్లోనే వుండి, కొలిమి ఆరగానే చెప్పేవాడూ చేసేవాడూ లేకపోవటంతో విద్య కూడా పోయింది. దాదాపు నూరేళ్ళ తర్వాత, 20వ శతాబ్దం చివర, అమెరికాలో వెర్‌హోవెన్ అనే ప్రొఫెసరూ, పెండ్రే అనే కమ్మరీ కలిసి ఏళ్ళ తరబడి కష్టపడి, ఆ ఉక్కు కత్తిమీద కనిపించే నీటి అలల వంటి చారలను మళ్ళీ తెప్పించగలిగారు. ఆ ఖనిజంలో లేశమాత్రంగా వుండే వనాడియం వంటి ధాతువులు అందుకు కారణమని వారు తేల్చారు. శాస్త్రజ్ఞుడికి కొలిమి కావలసి వచ్చింది, కమ్మరికి ప్రయోగశాల కావలసి వచ్చింది. మన ఊళ్ళో తాత మనవడికి చెబితే సరిపోయే సంగతికి సముద్రాల అవతల అంత ప్రయాస పడవలసి వచ్చింది.

ఇప్పుడు మన తెలుగువాడే అయిన మరొకరి కథ వినండి. కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో 1893లో జి.డి. నాయుడు గారు పుట్టారు. బడి చదువు ఆయనకు అబ్బలేదు. కుర్రతనంలో ఒక దొర మోటారు సైకిలుమీద ఆ ఊరు రాగా చూసి, దానిమీద మనసు పెట్టుకున్నారు. కోయంబత్తూరు వెళ్ళి హోటల్లో పనిచేసి, కూడబెట్టిన మూడు వందల రూపాయలతో ఆ బండి కొన్నారు. కొని ఊరేగటం కాదు ఆయన చేసింది. ముక్కముక్కలుగా విప్పి, ఏది దేనికి పనిచేస్తున్నదో చూసి, తిరిగి బిగించారు. అదే ఆయన ఇంజనీరింగు కళాశాల. 1920లో ఒక బస్సుతో పొల్లాచి, పళని మధ్య రవాణా మొదలుపెట్టారు. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి, మన దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా చెప్పుకునేదాన్ని తెచ్చారు. పత్తి మొక్కలమీద, బొప్పాయిమీద కూడా ప్రయోగాలు చేశారు.

ఇవన్నీ గొప్పవే. అయినా నాకు ఆయనలో ఎక్కువ గొప్పగా తోచేది మరొకటి. తనకు తెలిసింది తనతో వుంచుకోలేదు. పనిచేస్తూ నేర్చుకోవాలన్నది ఆయన సిద్ధాంతం. 1945లో కోయంబత్తూరులో సాంకేతిక విద్యాలయం ఏర్పడటానికి ఆయనే మూలం. ఏళ్ళకేళ్ళు తరగతిలో కూర్చోబెట్టనక్కరలేదు, చేత పనిముట్టు పెట్టి తక్కువ కాలంలో నేర్పవచ్చని వాదించారు. 1974లో ఆయన మరణించే నాటికే కోయంబత్తూరు మోటార్లకు, పంపులకు పేరుపడ్డ పట్టణం. ఒక్కరివల్లనే అంతా జరిగిందని అనను. కానీ ఒక షెడ్డులో నేర్చుకున్నవాడు పక్క వీధిలో ఇంకొక షెడ్డు పెట్టుకోగలిగిన ఊరు అది. మన బావులమీద, బోర్లమీద కోయంబత్తూరు మోటార్లు ఎన్ని తిరిగాయో మీకు నేను చెప్పాలా?

ఇంటి వెనుక షెడ్డులో నేర్చుకున్నది నలుగురికీ పంచుకోవటం ఇతర దేశాల్లోనూ వున్నది. లండనులో పెర్సివల్ మార్షల్ అనే ఆయన 1898లో ఒక పత్రిక పెట్టాడు. పగలు ఉద్యోగం చేసుకొని, రాత్రి ఇంట్లో లేతుమీద చిన్న ఆవిరి యంత్రాలు చేసుకునేవారికోసం అది. తాము చేసిన పని, పడిన ఇబ్బంది, కనుక్కున్న ఉపాయం పాఠకులే వ్రాసి పంపేవారు. ముసలివారి అనుభవం అట్లా కుర్రవారికి అందింది.

మన దగ్గరి ఉదాహరణ చింతకింది మల్లేశం గారు. ఆలేరు దగ్గరి శారాజీపేటలో నేత కుటుంబం వారిది. చీర నేయటానికి ముందు ఆసు పోయాలి. అందుకు తల్లి లక్ష్మి గారు రోజుకు వేలసార్లు చెయ్యి ఆడించవలసి వచ్చి భుజం నొప్పితో బాధపడేవారు. అది చూడలేక మల్లేశం గారు ఏళ్ళ తరబడి యంత్రం చేయటానికి ప్రయత్నించారు. చివరి చిక్కు ఒకటి విడలేదు. హైదరాబాదులో పనిచేస్తూండగా బాలానగర్‌లోని ఒక వర్కుషాపులో ఒక యంత్రం కదిలే తీరు చూసి ఆ చిక్కు విప్పుకున్నారు. 1999లో ఆసు యంత్రం పూర్తయింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ వర్కుషాపు తలుపు ఆయనకు మూసివుంటే ఏమయ్యేదో ఊహించండి.

ఇట్టి పల్లెటూరి కల్పకులను వెతకటానికి అహమ్మదాబాదు ప్రొఫెసర్ అనిల్ గుప్తా గారు 1980ల చివర తేనెటీగ పేరుతో ఒక ఉద్యమం మొదలుపెట్టారు. తేనెటీగ పువ్వును బాధించకుండా మకరందం తీసుకుంటుంది, ఒక పువ్వు పుప్పొడి ఇంకొక పువ్వుకు చేరుస్తుంది. అలాగే విద్య తీసుకున్నప్పుడు చెప్పినవాని పేరు చెప్పాలి, లాభం వస్తే అతనికీ అందాలి అన్నది వారి నియమం. తెలుగునాట 'పల్లె సృజన' ఈ పని చేస్తున్నది.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. నాగార్జునసాగరానికి 1955లో పునాది పడింది. 1967లో కాలువలకు నీరు వదిలారు. మెట్టసేద్యపు ఊళ్ళలో కొంతమేరకు మాగాణి వచ్చింది. ఎడ్ల నాగలి పోయి ట్రాక్టరు వచ్చింది. చేతిపంపు పోయి పవరు స్ప్రేయరు వచ్చింది. ప్రతి మార్పుకూ మన పనివారు తమ విద్యను మార్చుకున్నారు. లారీ కమాను పట్టీ కోసి గుంటక పాసకు అతికించినవాడు, ట్రాక్టరు గొర్రును మన సాళ్ళ ఎడానికి సరిచేసినవాడు ఇంజనీరింగు చదివినవారు కారు.

వారి దగ్గర వున్నదేమిటో రెండు ఉదాహరణలు చెబుతాను. కమ్మరి కర్రును ఎర్రగా కాల్చి, కొన మాత్రం నీళ్ళలో ముంచి తీస్తాడు. పైన మిగిలిన వేడి కొనకు పాకుతుంటే రుద్దిన చోట రంగు మారుతుంది. సుమారు 230 డిగ్రీల దగ్గర ఎండుగడ్డి రంగు, 300 దగ్గర నీలం. గడ్డి రంగులో ఆపితే గట్టిగా వుంటుంది గానీ రాయి తగిలితే విరుగుతుంది. నీలం దాకా రానిస్తే దెబ్బకు ఓర్చుకుంటుంది గానీ త్వరగా అరుగుతుంది. మీ పొలంలో రాళ్ళున్నాయో లేవో అడిగి ఎక్కడ ఆపాలో ఆయన నిర్ణయిస్తాడు. ఆ ఒక్క ప్రశ్నలో సగం శాస్త్రం వున్నది.

రెండవది స్ప్రేయరు నాజిలు. మందు తుంపరలకు దాని రంధ్రం అరిగి పెద్దదవుతుంది. కంటికి తెలియదు. అనుభవమున్న మెకానిక్కు కొత్త నాజిలుతో ఒక నిమిషంపాటు మంచినీళ్ళు కొలపాత్రలోకి పట్టి చూస్తాడు, తర్వాత పాతదానితో పట్టి చూస్తాడు. అదే ఒత్తిడిలో పదోవంతుకంటే ఎక్కువ నీరు వదిలితే నాజిలు మార్చమంటాడు. లేకపోతే ఖరీదైన మందు నేలపాలు, అప్పు మీ నెత్తిన.

కాబట్టి మీరు చేయవలసింది కష్టమైనదేమీ కాదు. ఊళ్ళో ఇటువంటి పెద్దను వెతికి, తీరిక రోజున ఇద్దరు కుర్రవాళ్ళను వెంటబెట్టుకొని వెళ్ళండి. ఉపన్యాసం చెప్పమని అడగకండి, పని చేసి చూపమనండి. చేతి విద్య చేస్తున్నప్పుడే నోటికి వస్తుంది. "అలా ఎందుకు చేశావు బాబాయ్? ఇలా చేస్తే ఏమవుతుంది?" అని అడగండి. కొలతలు అంగుళాల్లోనూ, మిల్లీమీటర్లలోనూ వ్రాసుకోండి. చెడిపోయిన భాగాన్ని పారేయక దానిమీద కారణం వ్రాసి దాచండి; బాగా పనిచేసే దానికంటే చెడిన ముక్కే ఎక్కువ నేర్పుతుంది. సెల్‌ఫోనులో బొమ్మ, మాట రెండూ పట్టవచ్చు. సానరాయి దగ్గర కుర్రవాళ్ళ కంటికి అద్దాలు వుండేటట్లు చూడండి. పనిరోజు పోగొట్టినందుకు పెద్దాయనకు ముట్టవలసింది ముట్టజెప్పండి.

వ్యవసాయ విస్తరణ ఉద్యోగులకు ఒక మనవి. మీరు పరిశోధనా కేంద్రం నుంచి రైతుకు కబురు తెస్తారు. అదే దారిలో కొలిమి నుంచి పరిశోధనా కేంద్రానికి కూడా కబురు పట్టుకుపొండి. వ్రాసేది తెలుగులో వ్రాయండి. 1906లో సత్తెనపల్లిలో పుట్టిన వావిలాల గోపాలకృష్ణయ్య గారు అధికార భాషా సంఘానికి అధ్యక్షులుగా వుండి, ప్రజల పని ప్రజల భాషలో జరగాలని పాటుపడ్డారు. వైసు, ఆకురాయి, పట్టుకారు పట్టిన చేతుల విద్యకు కూడా ఆ మాట వర్తిస్తుంది. వ్రాసిన కాగితం మీద మొదటి వరుసలో ఆ పెద్దాయన పేరు వుండాలి.

ఈ వారం మీ స్ప్రేయరు చెడిందాకా ఆగకండి. బాగున్నప్పుడే దాన్ని చంకన పెట్టుకొని, ఒక కుర్రవాణ్ణి వెంటబెట్టుకొని ఆ రేకుల పాకకు వెళ్ళండి. ముక్కాలిపీట వేసి కూర్చోమంటాడు. కూర్చోండి.