లెడెన్‌హాల్ వీధి నుంచి తిరుమల దాకా

బహుళజాతి సంస్థ అనే మాట కొత్తదే గాని పద్ధతి పాతది. లండన్‌లో లెడెన్‌హాల్ వీధిలో కూర్చున్న ఈస్టిండియా కంపెనీ డైరెక్టర్లు, నెలల తరబడి ఓడ ప్రయాణం చేస్తే తప్ప చేరలేని చిత్తూరు సీమను ఎలా అదుపులో పెట్టారో చూస్తే ఈ సంగతి బోధపడుతుంది.

1801లో కర్ణాటక నవాబు పాలనాధికారం కంపెనీకి దఖలు పడింది. తిరుమల ఆలయ నిర్వహణ దాని అధికారుల చేతికి వచ్చింది. కంపెనీ చూపంతా ఏటా ఖర్చులు పోను మిగిలే రొక్కం మీదనే. ఆ రొక్కం లెక్క మద్రాసు రెవెన్యూ బోర్డుకు చేరాలి. దూరాన ఉన్న యజమానికి కాగితమే కళ్ళు. అందుకే 1803లో కలెక్టరు స్ట్రాటన్ ఆలయ వ్యవహారాల మీద నివేదిక పంపాడు. 1821లో బ్రూస్ కోడ్ వచ్చింది. తరాలుగా వాడుకలో ఉన్న కట్టుబాట్లు నిబంధనలయ్యాయి.

లెక్క రాయడం తప్పు కాదు. ఆ లెక్క ఎవరికి చెప్పాలన్నదే ప్రశ్న. కలెక్టరు మద్రాసుకు జవాబుదారీ, మద్రాసు లండన్‌కు. కొండెక్కే యాత్రికుడికి జవాబు చెప్పేవాడు ఈ వరసలో ఎక్కడా లేడు.

కంపెనీ తప్పుకున్నప్పుడు ఇది మరింత తేటతెల్లమైంది. విగ్రహారాధనకు కంపెనీ కాపు కాస్తున్నదని ఇంగ్లండులో మత ప్రచారకులు అలజడి చేశారు. ఆలయాల జోలి మానుకొమ్మని 1833లో డైరెక్టర్లు ఉత్తరువిచ్చారు. 1843లో తిరుమల నిర్వహణ హాథీరాంజీ మఠం మహంతు సేవాదాసు పరమైంది. కంపెనీ రాకను గానీ పోకను గానీ నిర్ణయించింది ఈ సీమ ప్రజలు కారు. మహంతుల పెత్తనం పోయి దేవస్థానానికి కమిటీ ఏర్పడడానికి 1933 నాటి చట్టం దాకా ఆగవలసి వచ్చింది.

ఆనాడు ఉత్తరానికి బదులు వచ్చేలోపల కలెక్టరు సొంత బుద్ధికి కాస్త చోటుండేది. నేడు సత్యవేడు పక్కన శ్రీసిటీలో విదేశీ కంపెనీల కర్మాగారాలున్నాయి. ఇప్పుడు సముద్రం అవతలి ఆజ్ఞకు క్షణం చాలు. ఆ కాస్త చోటూ కరిగిపోతున్నది.

మన కథకులు కర్మాగారం గురించి రాస్తున్నారు; సంతోషమే. కాని చాలా కథల్లో దోషి మేనేజరు దగ్గరే ఆగిపోతున్నాడు. పాత దస్త్రాలు చదివినా, కొత్త కథ రాసినా, జవాబు రాసినవాడితో పాటు ఆ ప్రశ్న పంపినవాణ్ణి కూడా వెతకాలి. అసలు పాత్ర అక్కడుంటుంది.