ఉపాధ్యాయ సోపానము

రెవిన్యూ శాఖలో గుమాస్తాగా చేరినవాడు తహసీలుదారు కావచ్చును. అప్పుడును అతడు చూచునవి భూములు, పన్నులు, దస్తావేజులే. పోలీసు కానిస్టేబులు సబిన్‌స్పెక్టరయినను దొంగలను పట్టుటయే అతని పని. బడిపంతులు మాత్రము పైమెట్టెక్కవలెనన్న తనకు చేతనయిన పనిని క్రిందిమెట్టుననే విడిచి పోవలెను. ఒకటవ తరగతి పిల్లలచే ఓనమాలు దిద్దించుటలో సిద్ధహస్తుడైన వానికి మనము చేయు సన్మానము, అతనిని ఆ పిల్లలనుండి తప్పించుటయే. ఈ వింత యెట్లు పుట్టినదో కొంచెము వెనుకకుబోయి చూతము.

మా గిద్దలూరు, కంభము, మార్కాపురము ప్రాంతములు 1800లో నిజామునుండి కుంపిణీవారికి సంక్రమించిన దత్తమండలములలోనివి. తొలుత కడపజిల్లాకును, 1858 తరువాత కర్నూలుకును చెంది, 1970లో ప్రకాశము జిల్లాలో చేరినవి. ఆ దినములలో ఈ సీమలందు చదువనగా వీధిబడియే. అరుగుపై అయ్యవారు కూర్చుండును. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుదురు. ముందు నేర్చినవాడు వెనుకవానిచే దిద్దించును. అయ్యవారి వేతనము పిల్లల తల్లిదండ్రులిచ్చు చిల్లరయు, దసరాకు ఇంటింటను దొరకు సంభావనయు. అందు కులభేదము కలదు, బెత్తము కలదు, బాలికలకు చోటు మిక్కిలి తక్కువ. ఆ బడిని పొగడుట నా యుద్దేశము కాదు. కాని నేర్చినవాడు నేర్పుచు నేర్పరియగుట అను కీలకము అందుండెను.

1823లో పొరుగున నున్న బళ్ళారి కలెక్టరు కాంబెలు దొర తన జిల్లా బడుల లెక్క పంపెను. బడులు 533, పిల్లలు 6,641 మంది. లెక్క చూచి విచారించిన ఆ దొరయే, పై పిల్లలచే క్రింది పిల్లలకు చెప్పించు పద్ధతి మాత్రము మెచ్చదగినదనియు, ఇంగ్లండువారు దీనిని అనుకరించుట యుక్తమే యనియు వ్రాసెను. ఆ అనుకరణకు కారకుడు ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు. ఆయన చెన్నపట్టణపు అనాథశాలకు అధికారిగా నుండి, దేశీయబడిలో ఇసుకవ్రాతను చూచి గ్రహించి, ఎనిమిదేండ్ల బాలుని తరగతికి గురువుగా నిలిపి చూచి, 1797లో లండనులో ఆ వృత్తాంతమును ప్రకటించెను. అది 'మదరాసు పద్ధతి' యను పేర దేశదేశములు తిరిగెను. ఇసుక పోయి పలక వచ్చిన తరువాత ఎన్ని ప్రాంతముల పిల్లలు మార్కాపురపు పలకలపై అక్షరములు దిద్దిరో! పలకలు పంపిన సీమ పద్ధతిని మాత్రము నిలుపుకొనలేదు.

దత్తమండలములకు మొదటి ప్రధాన కలెక్టరైన మన్రో దొర గవర్నరై, 1826లో విద్యను గూర్చి యొక యోజన వ్రాసెను. దేశీయోపాధ్యాయుల సంపాదన నెలకు ఆరేడు రూపాయలకు మించుట లేదనియు, అంతమాత్రమునకు యోగ్యులు రారనియు ఆయన గుర్తించెను. తహసీలు బడి ఉపాధ్యాయునకు నెలకు 9 రూపాయలు, కలెక్టరేటు బడివానికి 15 రూపాయలు నిర్ణయించి, ఉపాధ్యాయులను తయారుచేయుటకు చెన్నపట్టణమున నొక పాఠశాలయు నుండవలెననెను. మన రాజధానిలో సర్కారు తలపెట్టిన ఉపాధ్యాయ సోపానములలో ఇది మొదటివాటిలోనిది. రెండే మెట్లైనను, రెంటను పని చదువు చెప్పుటయే యగుట గమనింపదగినది. మరుసటి యేడే మన్రో పత్తికొండలో విషూచివలన మరణించెను. 1836లో ఆ బడులను సర్కారు ఎత్తివేసెను.

తరువాతి నిచ్చెన వేరు విధమున కట్టబడినది. 1854 నాటి ఉడ్ దొర విద్యాపత్రము, ఇంగ్లండులో 1846నుండి నడచుచున్న శిష్యోపాధ్యాయ పద్ధతిని ఇచ్చట గూడ పెట్టుడని చెప్పెను. అనగా బాలుడు ప్రధానోపాధ్యాయుని వద్ద కొన్నియేండ్లు పనినేర్చి, చిన్న భృతి పొంది, పిమ్మట శిక్షణశాలకు పోవలెను. మన యిసుకబడి గుణము చట్టముడుపు తొడిగికొని తిరిగి వచ్చిన దన్నమాట. కాని దానిని వేరూననీయక 1860 దశకమున 'ఫలితములనుబట్టి గ్రాంటు' వచ్చెను. ఇనస్పెక్టరు ఏటికొకసారి వచ్చి, ఇంతమంది చదివిరి, ఇంతమంది లెక్క చేసిరి అని గుర్తించిన కొలది ధనము. తోడి ఉపాధ్యాయునకు నేర్పినందున ఎవరికిని దమ్మిడీ రాదు. సోపానపు కొన అప్పటినుండి తరగతిగదిలో గాక ఇనస్పెక్టరు గుఱ్ఱపుబండిలో కనబడసాగినది. ఇరవయవ శతాబ్దపు తొలి యేండ్లలో ఆ గ్రాంటు పోయినను ఆ చూపు పోలేదు.

పరీక్షింపక ప్రశ్నించిన ఇనస్పెక్టరులు లేకపోలేదు. విశాఖపట్టణమున జె. ఏ. యేట్సు దొర, వ్యవహారమందలి తెలుగునకు పుస్తకములందలి తెలుగునకు ఇంత దూరమేల యని మన పండితుల నడిగెను. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ ప్రశ్నను జీవితాంతము మోసిరి. దానివలన ఈ వ్యాసము వ్రాయబడిన భాషకే చేటు మూడినదనుట వేరు సంగతి.

'సెకండరీ గ్రేడు' అను పేరు చూడుడు. పూర్వము ఎనిమిదవ తరగతి ముగించి శిక్షణపొందినవారు హయ్యరు గ్రేడువారు. స్కూలుఫైనలు పిదప శిక్షణపొందినవారు సెకండరీ గ్రేడువారు. ఆ చదువులు మారినను పేరు నిలిచినది. మెట్టనగా పంతులు చదివిన చదువు, చెప్పిన చదువు కాదు. 1959లో బడులు పంచాయతి సమితుల, జిల్లాపరిషత్తుల చేతికి వచ్చినను ఇదియే వరుస. సెకండరీ గ్రేడునుండి స్కూలు అసిస్టెంటు, అటనుండి ప్రధానోపాధ్యాయుడు. ప్రతి మెట్టునను పసిపిల్లలకు కొంత దూరము. పైమెట్టు దొరకనివారికి ఉన్నచోటనే జీతము పెంచు ఏర్పాటును చేసిరి. 2010 వేతన సవరణనుండి 6, 12, 18, 24 ఏండ్లకు ఆ పెంపు. కుటుంబ పోషణకు అది న్యాయమే. కాని ఇరువదినాలుగేండ్ల అనుభవముగల వానికిని నిన్న చేరినవానికిని పనిలో భేద మేమియు కల్పింపలేదు.

నేను చేరిన తొలియేడు, నల్లబల్లపై వ్రాయునపుడు పిల్లలకు వీపు చూపక ఓరగా నిలుచుటెట్లో, ఒక వరుస వ్రాయుచుండగా రెండవ వరుసను కంటితో పట్టుటెట్లో, నోటితో చెప్పక చేసి చూపిన పెద్దాయన యొకరుండిరి. శిక్షణశాలలో అది నాకెవరును చెప్పలేదు. ఆయన చేరిన గ్రేడుననే విరమించిరి.

1980 దశకమున బ్రిటిషువారి సాయముతో నడచిన ప్రాథమిక విద్యా పథకము ఉపాధ్యాయ కేంద్రములను నెలకొల్పి, చుట్టుపట్ల పంతుళ్ళను ఒకచోట చేర్చి, ఒకరి పాఠము నొకరు చూచునట్లు చేసినది. 1996లో పథకము ముగిసెను. సమావేశములు ఏదో పేర మిగిలినవి. అందు బాగుగా నేర్పినవానికి మెట్టు లేదు. అదే కాలమున నెలకు 398 రూపాయల భృతిపై ప్రత్యేకోపాధ్యాయులను, ఆ తరువాత 'అప్రెంటిస్' అను పేర మరికొందరిని నియమించిరి. అప్రెంటిస్ అనగా గురువు వద్ద పని నేర్చువాడు. ఇచ్చట తక్కువ జీతముండెను, గురువు లేడు.

2020 జాతీయ విద్యావిధానము రెండు మాటలు చెప్పినది: ప్రాథమిక స్థాయిలోనే యుండి పదోన్నతి, జీతము పొందు వీలుండవలెననియు, మార్గదర్శులైన ఉపాధ్యాయుల దేశవ్యాప్త సంఘటన యుండవలెననియు. మన్రో నాటి యూహ ఇంత కాలమునకు మరల కాగితమెక్కినది. నల్లమల యంచున ఏకోపాధ్యాయ పాఠశాలకు పోవు కొత్తవానికి దీనివలన గలుగు మేలు ఒక్కటే కావలెను: వారమున కొకదినము అనుభవజ్ఞుడొకడు అతని బడికి వచ్చి కూర్చుండుట, వేరొకదినము అతడు ఆయన తరగతిని పోయి చూచుట. అనుభవజ్ఞునకు ఆ పని సర్వీసు రిజిస్టరులో మెట్టుగా వ్రాయబడవలెను. అయితే కొత్తవాడు పోయిన దినమున ఆ ఒంటిపంతులు బడి తలుపు తీయువారెవరు? తాలూకాకు నలుగురైదుగురు పంతుళ్ళను ఇందులకే అదనముగా నియమింపనిదే ఈ ఏర్పాటు సాగదు. ఆ వ్యయపు లెక్క ముందు వేయవలసియున్నది.