పోయిన పతకములు, దొరకిన పేరు



వంశచరిత్రము వ్రాయబూనినవారు తామ్రశాసనములను, కైఫీయతులను వెదకుదురే కాని, ఇంటనున్న సందుగ యడుగు చూడరు. మేమును అట్టివారమే. గద్వాల సీమలోని ధరూరులో మా మేనత్త, తన పెదతండ్రి సముద్రము దాటి యుద్ధము చేసెనని చెప్పినపుడెల్ల, ప్రమాణము లేని మాటయని నవ్వితిమి. ఆ నవ్వునకు ప్రాయశ్చిత్తముగా ఈ వ్యాసము వ్రాయుచున్నారము.

1914లో మహాయుద్ధ మారంభము కాగా నిజాము ప్రభుత్వము తన లాన్సర్ల దళమును ఈజిప్టునకు పంపెను. అది మైసూరు మున్నగు సంస్థానముల దళములతో కూడి 15వ ఆశ్విక బ్రిగేడుగా ఏర్పడి, సూయెజు కాలువను కాచి, పిమ్మట జోధపురము దళమును వచ్చి చేరగా పాలస్తీనా యుద్ధమున పాల్గొనెను. ఢిల్లీలో 1922లో నిలిపిన తీన్‌మూర్తి స్మారకమందలి మూడు విగ్రహములు ఈ మూడు దళములకును గుఱుతులు.

యుద్ధానంతరము మా వారికి రెండు బిళ్ళలు వచ్చెను. బ్రిటిషు యుద్ధపతకము వెండిది, సుమారు 30 గ్రాముల తూనికది, విజయపతకము కంచుది. వెండిబిళ్ళ యొక కఱవునాట జొన్నలకై అమ్ముడుపోయి, కంసాలి మూసలో కరగెను. కంచుబిళ్ళను కొనువాడు లేడు. కావుననే అది మిగిలెను. జూరాల జలాశయమున మేనత్త అత్తవారి యూరు మునుగగా, ఆమె పెట్టెలు చెదరి, బిళ్ళ కానరాకపోయెను. ఆమె పోయిన పిమ్మట బంధువుల యింట అడకత్తెర, సున్నపుకాయల నడుమ దొరకెను.

చింతపండుతో తోముదమని యొకరు చేయి చాపగా వారించి, భూతద్దముతో అంచును చూచితిమి. సంఖ్య, సవారు పదవి, దళనామము, వాని నడుమ ఆంగ్లాక్షరములలో మా వారి పేరు కలవు. వ్రాసినవానికి మన పలుకు తెలియమి పేరు కొంత వంకరపోయినది; అయినను మాదే. విని సంతసించుటకు మేనత్త లేదు.

ఇచట నొక మాట. మా యింటివారు ఆయనను హైఫా వీరుడనియు చెప్పుకొనుచుండిరి. 1918 సెప్టెంబరు 23న గుఱ్ఱములతో దుమికి హైఫాను గెలిచినవారు జోధపురము, మైసూరు వారు. పతకము ఆయన సేవను రుజువు చేసెను. హైఫా కథను రుజువు చేయలేదు. ఉన్న కీర్తి చాలును.

రాయియు శాశ్వతము కాదు. ఈజిప్టు, పాలస్తీనాలలో మడిసిన సుమారు 4,000 మంది భారతసైనికుల స్మారకమును 1926లో పోర్ట్ తౌఫీకున నిలిపిరి. 1967-73 నడిమి యుద్ధములలో అది చెడిపోయెను. పేళ్ళ పట్టిక యుండుటచే 1980లో హీలియోపోలిసున వానిని మరల చెక్కగలిగిరి.

కావున కులసోదరులకు మా విన్నపము. బిళ్ళను అమ్మకుడు, తోమకుడు. అంచు చదివి పేరును, సంఖ్యను, దళమును కాగితమున నెక్కింపుడు. రెండవ మహాయుద్ధపు బిళ్ళలలో పెక్కింటిపై పేరుండదు. వాని కథ తెలిసిన వృద్ధులుండగానే వ్రాసికొనుడు. వారి మాట విని, మావలె నవ్వకుడు.