పిల్లలతో దూరప్రయాణం: నాటి మజిలీలు, నేటి కార్లు



బడికి సెలవులిచ్చారంటే చాలు, పట్నంలో కార్లున్న ఇళ్ళల్లో ప్రయాణాల సందడి మొదలవుతుంది. మా వైపు వచ్చేవాళ్ళలో చాలామంది వనపర్తి జిల్లా శ్రీరంగాపూర్ వెళ్ళి రంగనాయకస్వామిని చూసి వస్తారు. వనపర్తి సంస్థానాధీశులు 18వ శతాబ్దంలో కట్టించిన గుడి అది. పక్కనే రంగసముద్రం చెరువు, నీళ్ళలో గోపురం నీడ. చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. కాని హైదరాబాదు నుంచి దారి 150 కిలోమీటర్ల పైమాటే. సగం దూరం వచ్చేసరికి ఒకరికి వాంతి, ఒకరికి ఆకలి, చంటివాడి ఏడుపు. గుడి ముందు కారు దిగే తల్లికి దణ్ణం పెట్టే ఓపిక కూడా ఉండదు. మరి కార్లు లేని రోజుల్లో, నెలల తరబడి ప్రయాణాలు చేసినవాళ్ళు ఎలా వేగారు?

ఆ సంగతి కొంత తెలియాలంటే ఏనుగుల వీరాస్వామయ్య గారిని అడగాలి. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18న సపరివారంగా కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. కృష్ణ దాటి, మన వనపర్తి మీదుగానే హైదరాబాదు వెళ్ళారు. ఆయన వ్రాసిన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. ఆ పుస్తకంలో దేవుళ్ళ గురించి ఎంత ఉందో, మజిలీల గురించీ అంత ఉంది. ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరం, అక్కడ నీళ్ళు మంచివా కావా, సామాన్లు దొరికే అంగళ్ళు ఉన్నాయా, దిగడానికి చోటుందా, ఇవన్నీ ఓపిగ్గా వ్రాసుకున్నారు. దారి ఎలా ఉంటే మజిలీ అలా కాదు, మజిలీ ఎక్కడ కుదిరితే దారి అలా సాగేది. మోసే బోయీలు అలసిపోతారు, ఎద్దులు అలసిపోతాయి. వాళ్ళతో పాటు ఆడవాళ్ళకూ పిల్లలకూ విశ్రాంతి దానంతటదే దొరికేది.

తరవాత తరాల్లో కూడా పల్లెల్లో జాతరకైనా పుట్టింటికైనా కచ్చరమే గతి. బండిలో గడ్డి పరచి, పైన దుప్పటి వేసి, పిల్లల్ని కూర్చోబెట్టేవాళ్ళు. సద్దిమూటలో పులిహోర, పెరుగన్నం, బొరుగులు, బెల్లం. ఎద్దులకు నీళ్ళు పెట్టాలి గనుక బావి దగ్గర ఆపేవాళ్ళు. పిల్లలు దిగి చెట్టు కింద గంతులు వేసి మళ్ళీ ఎక్కేవాళ్ళు. చంటిపిల్లకు మాత్రం అమ్మ ఒడే సీటు. ఎద్దుబండి గంటకు మూడు నాలుగు కిలోమీటర్లు నడుస్తుంది. ఆ వేగానికి అమ్మ ఒడి చాలు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్ళీ అక్కడికే వస్తాను.

ఆ తరవాత రైలు వచ్చింది. సికింద్రాబాదు నుంచి మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా కర్నూలు వెళ్ళే దారిలో 'వనపర్తి రోడ్' అనే స్టేషను ఉంది. 'అలంపూర్ రోడ్' కూడా ఆ దారిలోదే. పేరు చివర 'రోడ్' ఉందంటే అసలు ఊరు స్టేషనుకు దూరమని అర్థం. రైలు దిగినా ప్రయాణం అయిపోదు, మళ్ళీ బండి చూసుకోవాల్సిందే. అయినా రైల్లో పిల్లలకు కదలడానికి చోటుండేది. ఆడవాళ్ళ పెట్టెలో నలుగురు తల్లులు కలిస్తే ఒకరి పిల్లను ఇంకొకరు ఎత్తుకునేవాళ్ళు.

1932లో నిజాం రైల్వేవారు 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. 1958లో ఏర్పడ్డ ఆర్టీసీకి అదే మూలం. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు లేదు. బస్సు కూడా డిపోల్లో ఆగుతుంది, నీళ్ళు తాగనిస్తుంది.

ఇక కారు. ప్రపంచంలో మొట్టమొదటి దూరప్రయాణం కారు మీద చేసింది ఎవరో తెలుసా? ఒక తల్లి! జర్మనీలో కార్ల్ బెంజ్ గారు మోటారు బండి తయారుచేశారు గాని, దాన్ని నమ్మి కొనేవాళ్ళు కరువయ్యారు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, భర్తకు చెప్పకుండా, 15 ఏళ్ళ యూజెన్‌ను, 13 ఏళ్ళ రిచర్డ్‌ను వెంటబెట్టుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి బయలుదేరింది. సుమారు 100 కిలోమీటర్లు. ఇంధనం అయిపోతే మందుల షాపులో కొన్నది. గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచింది. ఎత్తు వచ్చినచోట పిల్లలు దిగి తోశారు. ఇంజను వేడెక్కకుండా దారి పొడుగునా ఆగి నీళ్ళు పోసుకుంటూనే ఉండాలి. అంటే మొదటి కారుకు కూడా మజిలీలు తప్పలేదన్నమాట.

మన దేశంలో మధ్యతరగతికి కారు అందింది 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక. అంతకుముందు అంబాసిడర్‌లో ముందు పెద్దలు, వెనక అరడజను మంది పిల్లలు. ఇప్పుడు 44వ నంబరు జాతీయ రహదారి మీద బండి 80, 100 వేగంతో పోతుంది. ఇంజను అలసిపోదు, దప్పిక అనదు. అందుకని మనం ఆగడం మానేశాం. ఎద్దుల పేరున దక్కిన విశ్రాంతి పిల్లలకు పోయింది. పోవలసిన పాత అలవాటు మాత్రం, అదే చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకోవడం, అలాగే ఉండిపోయింది. మన చిక్కంతా ఇక్కడే ఉంది.

కొంచెం లెక్క వేసి చూడండి. కారు 50 కిలోమీటర్ల వేగంతో పోతూ దేనికైనా గుద్దుకుని సెకనులో పదోవంతులో ఆగిపోయిందనుకోండి. 10 కిలోల పిల్ల ఆ క్షణంలో సుమారు 140 కిలోల బరువై ముందుకు లాగుతుంది. ఏ తల్లి చేతులు ఆపగలవు? ప్రేమ చాలదమ్మా, పట్టు చాలదు. ముందు సీటులో ఒళ్ళో పెట్టుకుంటే మరీ ప్రమాదం. గాలిసంచి విచ్చుకుంటే అది బిడ్డకే తగులుతుంది.

విదేశాల్లో కూడా ఈ సంగతి వెంటనే తెలియలేదు. 1930లలో అక్కడ వచ్చిన పిల్లల సీట్లు పిల్ల కిటికీలోంచి చూడ్డానికి, కదలకుండా ఉండడానికే గాని రక్షణకు కాదు. 1959లో వోల్వో కంపెనీలో నిల్స్ బోలిన్ ఇప్పుడు మనం వాడే మూడు చోట్ల బిగిసే బెల్టు తెచ్చాడు. 1964లో స్వీడన్‌లో బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ఆచార్యుడు వ్యోమగాముల ఆసనాలు చూసి, చంటిపిల్లలు వెనక్కి తిరిగి కూర్చునే సీటు తయారుచేశాడు. మన దేశంలో 2019 సవరణ చట్టం ప్రకారం 14 ఏళ్ళు నిండని పిల్లలను బెల్టుతోనో, పిల్లల సీటుతోనో బిగించకపోతే 1000 రూపాయల జరిమానా. జరిమానాకు కాదు, బిడ్డకు భయపడదాం. శిశువుకు వెనక సీటులో, వెనక్కి తిరిగి ఉండే సీటు. కాస్త పెద్దయితే ముందుకు తిరిగిన సీటు. ఆ తరవాత ఎత్తు పెంచే పీట. బెల్టు మెడ మీదికి రాకుండా భుజం మీద సరిగా పడేదాకా ఆ పీట ఉండాలి. మొదట్లో ఏడుస్తారు. రోజూ కూరగాయలకు వెళ్ళేటప్పుడు కూడా కూర్చోబెడితే అలవాటైపోతుంది.

ఒడి సంగతి అయింది. ఇక పోగొట్టుకున్న మజిలీని తిరిగి తెచ్చుకుందాం. శ్రీరంగాపూర్ దారిలో షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు ఉన్నాయి. రెండు గంటలకు మించకుండా ఎక్కడో ఒకచోట ఆగండి. పాలివ్వాలన్నా, బట్ట మార్చాలన్నా బండి ఆపాకే. ఎండ ముదరకముందే, పిల్లలు సగం నిద్రలో ఉండగానే బయలుదేరడం పాత బండివాళ్ళ పద్ధతే, నేటికీ పనికొస్తుంది.

వాంతులెందుకవుతాయంటే, చెవిలోపల తూకం చూసే భాగం 'కదులుతున్నాం' అంటుంది, పుస్తకం మీదో ఫోను మీదో ఉన్న కళ్ళు 'లేదు' అంటాయి. రెండేళ్ళ నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు ఇది ఎక్కువ. అంచేత బొమ్మల పుస్తకాలు, ఫోన్లు మజిలీలో ఇవ్వండి. బండి కదిలేటప్పుడు దూరంగా కొండలు చూపిస్తూ కథలు చెప్పండి. బయలుదేరే ముందు నూనె వంటలు వద్దు. బొరుగులు, అరటిపండు, పెరుగన్నం చాలు. నీళ్ళు కొద్దికొద్దిగా తాగించండి. చిన్నపని మీద దిగినా సరే, పిల్లల్ని మూసిన కారులో వదలకండి. ఎండలో పది నిమిషాల్లోనే లోపలి వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది. గుడి చేరాక చెరువు గట్టు మీద చెయ్యి వదలవద్దు.

దారి పక్క బోర్డుల మీద 'నిదానమే ప్రధానం' అని వ్రాసి ఉంటుంది, చూసే ఉంటారు. అది డ్రైవరుకే అనుకుంటాం గాని, ఆ మాట వినవలసింది మొత్తం ఇంటిల్లిపాదీ. గంట ఆలస్యమైతే రంగనాయకస్వామి ఏమీ అనుకోడు. పిల్లలు నవ్వుతూ దిగితే అదే ఆయనకు మొదటి హారతి. సెలవు.