మెట్రోలో చార్మినార్‌కి వెళ్లడం ఎలా? ఎక్కడ దిగాలి.. ఎంత నడవాలి.. మార్కాపురం, గిద్దలూరు వాళ్లకి పూర్తి వివరాలు ఇవే

మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం నుంచి హైదరాబాద్ వెళ్లేవాళ్లలో ఎక్కువ మందికి ఆస్పత్రి పనో, ఉద్యోగం పనో ఉంటుంది. ఆ పని మధ్యాహ్నానికే అయిపోతే చార్మినార్ చూసి వద్దామనుకుంటారు. మెట్రో ఎక్కితే నేరుగా అక్కడ దిగొచ్చా? దిగలేం. పాతబస్తీకి మెట్రో ఇంకా రాలేదు. ఇప్పటికి ఎంజీబీఎస్ స్టేషన్ వరకే వెళ్లొచ్చు. అక్కడి నుంచి చార్మినార్ సుమారు 2 కిలోమీటర్లు.

ఏ లైన్ ఎక్కాలి?

ఎంజీబీఎస్‌లో రెడ్ లైన్, గ్రీన్ లైన్ రెండూ కలుస్తాయి.

* సాగర్ రూట్ బస్సులో వస్తే: ఎల్బీనగర్‌లో దిగి రెడ్ లైన్ ఎక్కాలి. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట మీదుగా ఎంజీబీఎస్ వస్తుంది. బస్సు ఎంజీబీఎస్ దాకా వెళ్లేదైతే మెట్రో అవసరమే లేదు.
* అమీర్‌పేట, కేపీహెచ్‌బీ హాస్టళ్లలో ఉండేవాళ్లు: మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వెళ్లే రెడ్ లైన్ ఎక్కితే చాలు, మారే పని లేదు.
* హైటెక్ సిటీ, రాయదుర్గం నుంచి: బ్లూ లైన్‌లో అమీర్‌పేట వచ్చి, అక్కడ రెడ్ లైన్‌కి మారాలి.
* సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ నుంచి: సికింద్రాబాద్ వెస్ట్ స్టేషన్‌లో గ్రీన్ లైన్ ఎక్కాలి. ఈస్ట్ స్టేషన్‌కి వెళ్తే అది బ్లూ లైన్, జాగ్రత్త.

2025 మే 24 నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం టికెట్ కనీసం రూ.11, గరిష్ఠంగా రూ.69.

దిగాక ఏం చూడొచ్చు?

ఆటో ఎక్కితే త్వరగానే చేరతారు కానీ దారిలో ఉన్న చరిత్ర మిస్ అవుతారు. ఓపిక ఉంటే అఫ్జల్‌గంజ్ మీదుగా నడవండి. ముందు ఉస్మానియా ఆస్పత్రి వస్తుంది. ఈ భవనం 1925లో పూర్తయింది. దాని ఆవరణలో ఓ పెద్ద చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వరద వచ్చినప్పుడు ఆ చెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు.

నయాపూల్ దాటగానే కుడివైపు హైకోర్టు. 1920లో ప్రారంభమైంది. ఎడమవైపు తిరిగితే సాలార్‌జంగ్ మ్యూజియం. మేలిముసుగు రెబెకా శిల్పం, గంట కొట్టే బొమ్మ గడియారం ఇక్కడే ఉన్నాయి. దీనికి కనీసం రెండు గంటలు పెట్టుకోవాలి.

నేరుగా వెళ్తే మదీనా, పత్తర్‌గట్టి. ఆ తర్వాత చార్‌కమాన్, గుల్జార్ హౌజ్, ఎదురుగా చార్మినార్. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించిన ఈ కట్టడం ఎత్తు దాదాపు 56 మీటర్లు. పక్కనే గాజులకి పేరున్న లాడ్ బజార్, 1617లో మొదలై 1694లో పూర్తయిన మక్కా మసీదు, ఇంకాస్త ముందుకెళ్తే చౌమహల్లా ప్యాలెస్.

ఒక్క విషయం గుర్తుంచుకోండి. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ రెండింటికీ శుక్రవారం సెలవు. చార్మినార్ చుట్టుపక్కల కూడా శుక్రవారం మధ్యాహ్నం ప్రార్థనల రద్దీ ఉంటుంది. వేరే రోజు పెట్టుకోవడమే మంచిది.

మెట్రో ఎందుకు ఆగింది?

మొదటి ప్లాన్‌లో గ్రీన్ లైన్ జేబీఎస్ నుంచి ఫలక్‌నుమా వరకు ఉంది. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్-ఎంజీబీఎస్ మధ్య 11 కిలోమీటర్లు మొదలైంది. మిగతా 5.5 కిలోమీటర్లు అలాగే ఉండిపోయాయి. ఇరుకు రోడ్లు, దారి పొడవునా పాత కట్టడాలు, ప్రార్థనా స్థలాలు ఉండటమే అసలు చిక్కు.

2024 మార్చి 8న సీఎం రేవంత్ రెడ్డి పాతబస్తీ మెట్రోకి శంకుస్థాపన చేశారు. ఇప్పుడు ప్లాన్ చాంద్రాయణగుట్ట వరకు, మొత్తం 7.5 కిలోమీటర్లు. రెండో దశలో భాగంగా కేంద్రం ఆమోదానికి పంపారు. సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ పేర్లతోనే స్టేషన్లు రానున్నాయి. అయితే ఇవి ఆ కట్టడాల పక్కనే ఉండవు, సుమారు 500 మీటర్ల దూరంలో ఉంటాయి. రక్షిత కట్టడాల చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణాలని చట్టం ఒప్పుకోదు మరి.

దీనికి ఖర్చు కూడా ఉంది. దారుల్‌షిఫా నుంచి శాలిబండ వరకు రోడ్డు వెడల్పులో ఇళ్లు, షాపులు పోతున్నాయి. గజానికి రూ.81 వేల చొప్పున పరిహారం ఇస్తున్నారు. డబ్బు వస్తుంది సరే, తరాలుగా ఒకేచోట దుకాణం నడుపుకున్నవాళ్లకి ఆ అడ్రస్ మళ్లీ రాదు. పాతబస్తీని చూపించడానికి వస్తున్న రైలు, అదే పాతబస్తీలో కొంత భాగాన్ని తీసేయాల్సి వస్తోంది.

మన ప్రాంతానికి ఇందులో లాభం కూడా ఉంది. దోర్నాల, శ్రీశైలం మీదుగా వెళ్లే హైవే సిటీలోకి చేరేది చాంద్రాయణగుట్ట వైపు నుంచే. ఆ లైన్ పూర్తయితే ఈ దారిన వచ్చేవాళ్లు సిటీ మొదట్లోనే మెట్రో ఎక్కొచ్చు.

తిరుగు ప్రయాణంలో జాగ్రత్త

నల్లమల అడవి దారిలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలని పంపరు. శ్రీశైలం రూట్‌లో తిరిగి రావాలంటే మధ్యాహ్నమే బయలుదేరాలి. సాయంత్రం దాకా చార్మినార్ దగ్గరే ఉంటే సాగర్ రూట్ బస్సు చూసుకోవాలి. వానాకాలంలో మూసీ మీద కూడా ఓ కన్నేయండి. 2025 సెప్టెంబర్ చివర్లో వరద నీళ్లు ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకే వచ్చేశాయి. జంట జలాశయాల గేట్లు ఎత్తారన్న వార్త వస్తే, మీ బస్సు ఎక్కడి నుంచి కదులుతుందో ముందే అడిగి వెళ్లండి.