నీటి తగవు, చెట్టునీడ తీర్పు

రాజ్యం లేనిచోట న్యాయముండదని వాదించేవారున్నారు. సోమాలీ పశుపాలకుల చరిత్ర చదివినకొద్దీ ఆ వాదం నిలవదనిపిస్తుంది నాకు. వారికి రాజు లేడు, కట్టుబాటు ఉంది. దాని పేరు హేర్.

పచ్చిక వాననుబట్టి చోటు మారుతుంది. కాబట్టి అది ఏ ఒక్కరి సొత్తూ కాదు. బావి అట్లా కాదు. అందులో తవ్వినవారి శ్రమ ఉంది. అందుచేత హక్కు వారి వంశానిది. ఎండలు ముదిరి ఒంటెల మందలు బావులదగ్గర చేరినప్పుడు వంతుకోసం తగవులు రేగుతాయి. రక్తం చిందితే పెద్దలు చెట్టుకింద 'షిర్' అనే సభ కూర్చుతారు. ఎదిగిన ప్రతి పురుషుడికీ అక్కడ మాట్లాడే హక్కుంది. హతుని ప్రాణానికి పరిహారం సాధారణంగా 100 ఒంటెలు. దాన్ని హంతకుని బంధువర్గమంతా పంచుకొని చెల్లిస్తుంది. కనుకనే దుడుకువాణ్ణి అదుపులో పెట్టే పూచీ అందరిదీ అవుతుంది.

అయితే దీన్ని సమసమాజమని పొగడడం సరికాదు. సంప్రదాయ సభలో స్త్రీకి చోటులేదు. ఆమె ప్రాణానికి కట్టిన వెల 50 ఒంటెలే. బలహీన వంశంవాడికి తీర్పు దక్కినా పరిహారం దక్కడం కష్టం.

బయటివారు చేసిన చేటు మరీ పెద్దది. 1897లో బ్రిటన్, ఇథియోపియా గీసుకున్న గీత మేతభూమిని చీల్చింది. 1954 ఒప్పందంతో హౌద్ బీళ్లు ఇథియోపియా పాలనలోకి పోయాయి. అక్కడ మందలు మేపేవారిని అడిగినవాడు లేడు. తరువాత నేలలో తవ్వి సిమెంటు పూసిన నీటితొట్లు, బర్కద్‌లు, వ్యాపించాయి. నీరు సరుకైంది. డబ్బున్నవాడు తొట్టి కట్టి, చుట్టూ ఉన్న పచ్చికమీద కూడా పెత్తనం సంపాదించాడు.

1993లో బొరామా పట్టణంలో సోమాలీలాండ్ వంశాల పెద్దలు నెలలతరబడి చర్చించి శాంతిపత్రం రాసుకున్నారు. హేర్ చావలేదన్నమాట. కాని నీళ్లమ్మేవాడూ, దప్పికతో వచ్చినవాడూ ఒకే చెట్టునీడన ఎంతకాలం సమానులుగా కూర్చోగలరు? అసలు ప్రశ్న ఇదే.